మారుతున్న నగరంలో మొదటి మూడు రోజులు: కలిగిన అభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక పెద్ద నగరానికి మొదటిసారి వెళ్ళారు. మూడు రోజులైంది. పదేళ్ళ కిందట అక్కడ తిరిగొచ్చిన మీ బంధువులు చెప్పినదానికీ మీ కళ్ళకు కనబడుతున్నదానికీ పొంతన లేదు. ఎటు చూసినా క్రేన్లు, తవ్వి వదిలేసిన రోడ్లు, రేకుల అడ్డుగోడలు. "ఈ ఊరికి ఒక ముఖమంటూ లేదు" అనిపించింది. ఇంకో పది రోజులుంటారు. ఈ అభిప్రాయాన్ని నమ్మొచ్చా, ఎలా తిరిగితే ఊరు అర్థమవుతుంది అని అడిగారు.

వీధి వీధీ తిరిగి ఏ స్థలాన్ని దేనికి వాడుతున్నారో రాసుకోవడం, ఆ కాగితాల్ని పట్టణ ప్రణాళికలు వేసేవాళ్ళకి అప్పజెప్పడం పాతికేళ్ళకు పైగా నా పని. కొత్త ఊళ్ళో దిగడం నాకు ఉద్యోగంలో భాగం. ఆ అనుభవంతో చెప్తున్నాను: మీకు కలిగిన అభిప్రాయం అబద్ధం కాదు. కాకపోతే అది ఊరి గురించి కాదు, మీరు వచ్చిన దారి గురించి. ముందు ఆ రెండింటినీ విడదీయాలి.

విమానంలో దిగారనుకోండి. విమానాశ్రయాలు సాధారణంగా ఊరికి దూరంగా ఉంటాయి. అక్కణ్ణుంచి లోపలికి తెచ్చే రోడ్డు చాలా ఊళ్ళలో కొత్తగా వేసినదే అయ్యుంటుంది. దానికి రెండు వైపులా లేచేవి కూడా ఈమధ్య లేచినవే: అద్దాల ఆఫీసులు, హోటళ్ళు, గోదాములు, సగం కట్టిన అపార్ట్‌మెంట్లు. అంటే ఊరికున్న కొత్త తొడుగునే ముందు చూస్తారు. అద్దాల భవనాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి కాబట్టి "ముఖం లేదు" అనిపించడంలో వింతేమీ లేదు.

రైల్లో దిగితే కథ వేరు. పాత నగరాల్లో పెద్ద రైల్వే స్టేషన్లు ఇప్పుడు ఊరి నడిబొడ్డున ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, కట్టినప్పుడు అవి చాలావరకు ఊరి అంచులు. లండన్‌లో ప్యాడింగ్టన్, యూస్టన్, సెయింట్ పాంక్రస్, కింగ్స్ క్రాస్ స్టేషన్లు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. నగర మధ్యభాగంలోకి రైళ్ళు రానక్కర్లేదని 1846లో ఒక రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) తేల్చింది, ఉత్తరం నుంచి వచ్చే లైన్లు చాలావరకు ఆ వరుస దగ్గరే ఆగిపోయాయి. పారిస్‌లోనూ స్టేషన్లు పాత ఊరి చుట్టూ గుండ్రంగా పేర్చినట్టుంటాయి. స్టేషన్ బయట నిలబడితే 19వ శతాబ్దపు ఊరి గుమ్మంలో నిలబడ్డట్టే. ఒక పక్క పాత ఊరు, రెండో పక్క రైలు వచ్చాక పుట్టిన ఊరు. ఈ రెండు పక్కలకీ తేడా తెలుస్తుందేమో చూడండి. చాలాచోట్ల ఇప్పటికీ తెలుస్తుంది.

అందుకని మొదటి సలహా: ఊళ్ళోకి మళ్ళీ ఒకసారి "రండి", ఈసారి వేరే గుమ్మం నుంచి. విమానంలో వచ్చినవాళ్ళు ఒకరోజు పొద్దున్నే రైల్వే స్టేషన్‌కో, దూరపు బస్సులు ఆగే స్టాండుకో వెళ్ళి, సామాను దించుకుని బయటికొస్తున్నవాళ్ళ వెనకాలే నడవండి. వాళ్ళు ఎటు వెళ్తున్నారు? బయట వాళ్ళ కోసం ఎవరు కాచుకుని ఉన్నారు? పనికోసం వచ్చేవాళ్ళు ఎక్కువా, చదువుకోసం వచ్చేవాళ్ళా, వైద్యంకోసం వచ్చేవాళ్ళా? ఊరు దేనికోసం మారుతోందో ఆ గుమ్మం దగ్గర అరగంట నిలబడితే కొంత పోల్చుకోవచ్చు. పర్యాటకుల కరపత్రంలో ఇది దొరకదు.

రెండోది, ఇంకా ఆలస్యం చేయకండి: ఈ మూడు రోజుల్లో ఏమేం విడ్డూరంగా అనిపించాయో ఇవాళే రాసిపెట్టుకోండి. విశ్లేషణ వద్దు, ఉన్నదున్నట్టు రాయండి. "కాలిబాట మధ్యలో మూతలేని గుంత, అందరూ అలవాటుగా పక్కనుంచి పోతున్నారు." "ఫలానా వీధిలో కింద దుకాణాలన్నీ కొత్తవి, పై అంతస్తుల కిటికీలన్నీ మూసి ఉన్నాయి." ఇలాగ. ఎందుకంటే పది రోజులకి మీరు కూడా ఆ గుంత పక్కనుంచి అలవాటుగా పోతారు. కొత్తవాడి కళ్ళకి గడువుంటుంది. నా లెక్కలో అది వారం పది రోజులు. ఆ తర్వాత చూపు మొద్దుబారుతుంది. ఊళ్ళో పుట్టిపెరిగినవాళ్ళు చెప్పలేనివి మీరు చెప్పగలిగేది ఈ కొద్ది రోజుల్లోనే.

రాసుకోండి గానీ, తీర్పు చెప్పకండి. ఈ మాట నా తప్పు నాకు నేర్పింది. సర్వే పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పేటని మధ్యాహ్నం పూట తిరిగి చూసి, షట్టర్లన్నీ దించి ఉండడంతో "వాడుకలో లేని ప్రాంతం" అని రాసేశాను. మా పైఅధికారి ఏమీ అనలేదు, "రాత్రి రెండింటికి ఓసారి వెళ్ళిరా" అన్నాడు. వెళ్ళాను. కాలు పెట్టడానికి చోటు లేదు. లారీలు, తోపుడుబళ్ళు, బేరాల అరుపులు. ఊరంతటికీ సరుకు వెళ్ళేది అక్కణ్ణుంచే. తెల్లారేసరికి ముగించి షట్టర్లు దించి పడుకుంటారు. నేను చూసింది నిద్రపోతున్న మార్కెట్‌ని. అప్పట్నుంచీ ఏ చోటునైనా నాలుగు వేళల్లో చూడకుండా దాని మీద ఒక్క ముక్క రాయలేదు.

ఇక అసలు విషయం. మారుతున్న ఊరిని చూసేటప్పుడు అందరూ చేసే పొరపాటు, ఊరంతా ఒకే వేగంతో మారుతోందనుకోవడం. ఊళ్ళో రకరకాల పొరలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో వేగం. దుకాణాల బోర్డులు నెలల్లో మారిపోతాయి. గదుల వాడకం, అద్దెకున్నవాళ్ళు ఏళ్ళలో మారతారు. భవనాలకి కొన్ని దశాబ్దాల ఆయుష్షు. స్థలాల హద్దులు, వీధుల గీతలు మాత్రం వందల ఏళ్ళు కదలవు. కంటికి ముందు ఆనేది ఎక్కువ వేగంగా మారేదే. అందుకే ఊరంతా గాల్లో కలిసిపోతున్నట్టు భ్రమ కలుగుతుంది. కిందికి చూస్తే వీధి అక్కడే ఉంటుంది.

లండన్ సంగతే తీసుకోండి. 1666లో పాత నగరంలో చాలాభాగం కాలి బూడిదైంది. మంటలు చల్లారిన కొద్ది రోజులకే క్రిస్టొఫర్ రెన్ అనే వాస్తుశిల్పి తిన్నని విశాలమైన రోడ్లతో కొత్త నగరం గీసి రాజుగారికి ఇచ్చాడు. భవనాలు లేవు, అడ్డమేమీ లేదు, ఇంతకంటే మంచి అవకాశం ఏ ప్రణాళికాకర్తకి దొరుకుతుంది? అయినా అది కాగితం మీదే ఉండిపోయింది. ఇళ్ళు కాలాయి గానీ ఆ జాగా నాదన్న హక్కు కాలలేదు. ఎవరి స్థలంలో వాళ్ళు గబగబా కట్టేసుకున్నారు. కొన్ని వీధుల్ని వెడల్పు చేశారు, ఒకటి రెండు కొత్తవి వేశారు, మిగతావి పాత వంకరల్లోనే మళ్ళీ లేచాయి. ఇవాళ అక్కడ అద్దాల గోపురాలు నిలబడ్డ సందులు కూడా మధ్యయుగపు సందులే.

రోమ్‌లో పియాజ్జా నవోనా అనే పొడవాటి చౌక్ ఉంది. ఒక చివర గుండ్రంగా తిరుగుతుంది. కారణం, అది ఒకప్పుడు డొమిషియన్ చక్రవర్తి కట్టించిన పరుగుపందేల మైదానం. ప్రేక్షకులు కూర్చునే మెట్లున్న చోట ఇళ్ళు లేచాయి, పరిగెత్తిన చోటు ఖాళీగా మిగిలింది. మైదానం పోయి వందల ఏళ్ళయినా దాని ఆకారం పోలేదు.

న్యూయార్క్‌లో మన్‌హాటన్ దీవికి 1811లో గళ్ళకాగితం లాంటి ప్లాన్ వేశారు: పన్నెండు అవెన్యూలు, 155 అడ్డవీధులు. ఆ గళ్ళని కోసుకుంటూ బ్రాడ్‌వే ఏటవాలుగా పోతుంది. దాని మూలం యూరోపియన్లు రాకముందు స్థానిక తెగలు నడిచిన బాట. గళ్ళ ప్లాన్ గీసినవాళ్ళు కూడా చివరికి దాన్ని తుడిచేయలేకపోయారు. బార్సిలోనాలో 1859లో ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు గీసిన చతురస్రాల మధ్య నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి సన్నని సందుల్లో పడ్డారంటే గ్రాసియా అనే పేటలోకి వచ్చారని అర్థం. 1897 దాకా అది వేరే ఊరు. నగరం దాన్ని మింగింది గానీ అరిగించుకోలేదు.

దీన్ని మీరెలా వాడుకోవాలంటే: తిన్నగా పోతున్న రోడ్డు కారణం లేకుండా వంకర తిరిగితే ఆగండి. కారణం ఉండే ఉంటుంది, మనకి కనిపించడం లేదంతే. అక్కడొక వాగుండేది, కోటగోడ ఉండేది, లేదా తన జాగా ఇవ్వనని మొండికేసిన మనిషుండేవాడు. పక్కపక్కనే ఉన్న భవనాల వెడల్పు చూడండి. సన్నటి భవనాలు వరసగా ఉంటే పాత చిన్న ప్లాట్లు ఇంకా మిగిలాయన్నమాట. ఒక మొత్తం బ్లాకుని ఒకే భవనం ఆక్రమిస్తే ఎవరో పది ఇరవై ప్లాట్లు కలిపేశారు. నన్నడిగితే ఊళ్ళో జరిగే మార్పుల్లో వెనక్కి తిప్పడం అన్నిటికంటే కష్టమైనది ఇదే. భవనం పడగొడితే అదే జాగాలో ఇంకోటి వస్తుంది. ప్లాట్లు కలిపేశాక మళ్ళీ విడగొట్టడం నేను చాలా అరుదుగా చూశాను.

పేర్లు కూడా నెమ్మదిగా మారే పొరే. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో 1699 నుంచీ గోడ లేదు. అక్కడి కెనాల్ స్ట్రీట్‌లో కాలవ లేదు. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌కి పేరిచ్చిన నది ఇప్పుడు భూమి కింద గొట్టాల్లో పారుతోంది. కొత్తగా వచ్చే అపార్ట్‌మెంట్ల పేర్లు మాత్రం వేరే లెక్క. చెరువు పూడ్చిన చోట "లేక్ వ్యూ", తోట నరికిన చోట "గ్రీన్" ఏదో ఒకటి పెడతారు. ఏం పోగొట్టారో గేటు మీద వాళ్ళే రాసిపెడతారు, చదువుకోవడం మన వంతు.

తవ్వకాల సంగతికొద్దాం, మిమ్మల్ని బాగా విసిగించినవి అవే కదా. తవ్విన రోడ్డుని చూసి విసుక్కోకుండా లోపలికి తొంగి చూడమంటాను (కంచె ఇవతల నుంచే). ఊరు తన కడుపు తెరిచి చూపించేది అప్పుడే. బెర్లిన్ వెళ్ళినవాళ్ళు వీధుల మీదుగా గాల్లో మెలికలు తిరుగుతూ పోయే గులాబీరంగు గొట్టాల్ని చూసి ఏదో కళాఖండం అనుకుంటారు. అక్కడ భూగర్భజలం చాలా పైనే ఉంటుంది, కొన్నిచోట్ల రెండు మూడు మీటర్లు తవ్వితే నీళ్ళు. పునాది తవ్వాలంటే ముందు ఆ నీళ్ళు తోడి కాలవల్లోకి పంపాలి, అందుకే ఆ గొట్టాలు. అంటే గులాబీ గొట్టం కనబడ్డ ప్రతిచోటా ఎక్కడో దగ్గర్లో పునాది పడుతోందని లెక్క. ఆ నగరంలో మార్పుకి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు.

ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి కింద రైలు సొరంగం కోసం యెనికపి అనే పేట దగ్గర 2004లో తవ్వకం మొదలుపెడితే బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు ఓడరేవు బయటపడింది. మొత్తం 37 పాత ఓడల శిథిలాలు దొరికాయి. పని ఏళ్ళ తరబడి వెనకబడి, రైలు 2013 అక్టోబర్‌లో మొదలైంది. మెక్సికో నగరంలో 1978లో కరెంటు పనివాళ్ళు కేబుల్ కోసం తవ్వుతుంటే అజ్టెక్‌ల దేవత చెక్కిన పెద్ద రాతి పలక తగిలింది. ఆ తర్వాత అక్కడి భవనాలు కొన్ని తీసేసి అజ్టెక్‌ల మహాలయాన్ని వెలికితీశారు. అదే నగరంలో 1910లో నిలబెట్టిన స్వాతంత్ర్య స్తంభం ఇప్పుడు కట్టినప్పటికంటే ఎత్తులో ఉన్నట్టుంటుంది. స్తంభం పెరగలేదు, చుట్టూ నేల కుంగింది. సరస్సు మీద కట్టిన ఊరు, కింద నీళ్ళు తోడేకొద్దీ కుంగుతోంది. స్తంభం దాకా ఎక్కడానికి తర్వాత 14 మెట్లు అదనంగా కట్టారు. ఒకచోట ఆగిపోయిన పని చూసి "వీళ్ళకి చేతకాదు" అనేముందు, కింద ఏం తగిలిందో అడిగితే మంచిది. కొన్నిసార్లు నిజంగానే చేతకాకపోవచ్చు, అది వేరే విషయం.

అడ్డుగోడల రేకుల మీద అంటించిన నోటీసులు చదవండి. ఏం కడుతున్నారు, ఎవరు కడుతున్నారు, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు. గడువు తేదీ దాటిపోయి రంగు వెలిసిన బోర్డులు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టుకోండి. ఊరి ఆదాయవ్యయాల పట్టిక కంటే నేను ఆ లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

మార్పంటే కట్టడమే కాదు, కట్టినదాన్ని తీసేయడం కూడా. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో చంగ్యెచన్ అనే వాగుని 1950ల చివర్లో కాంక్రీటుతో కప్పడం మొదలుపెట్టారు, తర్వాత దాని మీద ఎత్తైన రహదారి కట్టారు. అప్పట్లో అదే ప్రగతి. 2003లో ఆ రహదారిని కూల్చి, 2005 కల్లా దాదాపు 5.8 కిలోమీటర్ల పొడవున వాగుని మళ్ళీ పైకి తెచ్చారు. ఇప్పుడు జనం సాయంత్రాలు దాని ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఐతే అందులో పారే నీళ్ళలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపు చేసేవే. పాత వాగు తిరిగొచ్చిందనుకోవాలా, వాగులాంటి పార్కు వచ్చిందనుకోవాలా? చూడగానే కలిగే సంతోషం నిజమే, ఈ ప్రశ్న కూడా నిజమే. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడమంటాను.

క్రేన్లు ఎక్కువుంటే ఊరు ఎదుగుతోందని చాలామంది అనుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు. కొత్త టవర్లు కట్టిన చోటికి రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్ళి ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయో చూడండి. నిండుగా వెలుగుతుంటే జనం వచ్చారు. వంద కిటికీల్లో పది వెలుగుతుంటే డబ్బు వచ్చింది, జనం ఇంకా రాలేదు. బట్టలు ఆరేసిన తీగలు, చెప్పుల స్టాండ్లు, పిల్లల సైకిళ్ళు కూడా ఇదే చెప్తాయి.

కొన్ని ఊళ్ళు చిక్కిపోతూ మారతాయి, అది కూడా గుర్తుంచుకోవాలి. డెట్రాయిట్‌లో 1950లో సుమారు 18.5 లక్షల జనం. 2020 లెక్కల్లో సుమారు 6.4 లక్షలు. ఐనా మీరు నగర మధ్యభాగంలో దిగితే బాగుచేసిన భవనాలు, కొత్త కార్యాలయాలే ముందు కనిపిస్తాయి. ఖాళీ ప్లాట్లు చూడాలంటే కొంచెం దూరం పోవాలి. జర్మనీలోని లైప్‌జిగ్ ఇంకో రకం. 1989 తర్వాత పదేళ్ళలో జనం తగ్గి ఇళ్ళు ఖాళీగా పడ్డాయి. తర్వాత గాలి తిరిగి, ఇప్పుడక్కడ ఇల్లు అద్దెకి దొరకడమే కష్టం. 1998లో ఒకరు, ఇరవై ఏళ్ళ తర్వాత ఒకరు ఆ ఊరికి వెళ్ళొచ్చి పోట్లాడుకుంటే ఇద్దరిదీ నిజమే. మీకూ మీ బంధువులకీ మధ్య జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

ఇక మిగిలిన పది రోజులు ఎలా తిరగాలి. చూడాల్సిన చోట్ల జాబితా పక్కన పెట్టి, ఒకరోజు ఊరి మధ్య నుంచి అంచు దాకా ఒక గీత గీసుకుని ఆ గీత వెంట నడవండి. కాలు నొప్పెడితే బస్సెక్కండి, కానీ గీత తప్పొద్దు. పట్టణ ప్రణాళికకి ఆద్యుల్లో ఒకడైన పాట్రిక్ గెడ్డెస్ ప్లాన్ గీసేముందు ఊరు నడిచి చూడాలని పట్టుబట్టేవాడు. 1914 తర్వాత మన దేశంలో ఎన్నో ఊళ్ళు తిరిగి నివేదికలు రాశాడు. ఇరుకు పేటల్ని మొత్తంగా పడగొట్టడం కాదు, అవసరమైనంత మేరకే కోత పెట్టి గాలీ వెలుతురూ తెప్పించాలన్నది అతని పద్ధతి. ఆ పద్ధతిని అందరూ పొగుడుతారు, చేసేవాళ్ళు తక్కువ. ఎందుకంటే దానికి ప్రతి ఇంటినీ విడిగా చూడాలి. మీ నడకకి కూడా అదే సూత్రం: కిలోమీటరుకోసారి ఆగి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, రెండు వాక్యాలు రాసుకోండి. మధ్య నుంచి అంచుకి పోతుంటే ఊరి వయసు తగ్గుతూ వస్తుంది. ఎక్కడైనా ఉన్నట్టుండి వయసు పెరిగిందంటే నగరం మింగిన పల్లె దొరికిందన్నమాట.

అలాంటి పల్లెల్ని వదలకండి. చైనాలో షెన్‌జెన్‌ని 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు, 2020 జనగణనలో అక్కడ కోటీ డెబ్బై లక్షలకు పైగా జనం. బయటివాళ్ళకి అది ఆకాశహర్మ్యాల ఊరు. కానీ ఆ టవర్ల మధ్య పాత పల్లెలు ఇరుక్కుని ఉన్నాయి. పొలాలు ప్రభుత్వం తీసుకుంది, ఇళ్ళ స్థలాలు పల్లెవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. వాళ్ళు ఆ కాస్త జాగాలో అంతస్తు మీద అంతస్తు వేసి అద్దెకిచ్చారు. ఎదురెదురు కిటికీల్లోంచి చేతులు కలపొచ్చు కాబట్టి వాటికి "కరచాలనం భవనాలు" అని పేరొచ్చింది. నగరాన్ని కట్టడానికి, నడపడానికి వచ్చిన లక్షలమందికి తలదాచుకునే చోటు అదే. ఇప్పుడు వాటిని కూడా ఒక్కొక్కటిగా పడగొడుతున్నారు. టవర్లు మాత్రమే చూసి వచ్చేస్తే ఆ టవర్లు ఎలా లేచాయో తెలియదు.

ఇంకో పని, ఇది నాకు బాగా ఇష్టం. ఊళ్ళో నలుగురిని, వీలైతే వేరువేరు వయసులవాళ్ళని, తమ ప్రాంతాన్ని ఒక కాగితం మీద గీయమని అడగండి. 1950ల్లో కెవిన్ లించ్ అనే అమెరికన్ పరిశోధకుడు బోస్టన్‌తో పాటు మరో రెండు నగరాల్లో జనాన్ని ఇలాగే అడిగి, ఊరు మనసులో ఎలా నిలుస్తుందో తెలుసుకున్నాడు. పరీక్ష పెట్టినట్టు కాకుండా దారి అడిగినట్టు అడిగితే గీస్తారు. పెద్దావిడ గీసిన దాంట్లో గుడి, చెట్టు, బస్టాపు ఉంటాయి. అదే వీధిలో ఉండే కుర్రాడు మెట్రో స్టేషన్, జిమ్ము, పార్కింగు గీస్తాడు. ఇద్దరూ ఒకే సందులో బతుకుతున్నారు, ఒకే ఊళ్ళో కాదు. ఒక్కోసారి ఇప్పుడు లేని వాటిని కూడా గీస్తారు: "ఇదిగో ఇక్కడ సినిమాహాలు, అంటే ఉండేది". ఆ గీతని భద్రంగా దాచుకోండి.

మనుషులతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. "ఇదివరకు ఎలా ఉండేది?" అని అడిగితే అందరూ బాగుండేదనే అంటారు. ప్రతివాళ్ళకీ తాము వయసులో ఉన్నప్పటి ఊరే అసలైన ఊరు. చేపల మీద పరిశోధన చేసే డానియల్ పౌలీ 1995లో తన రంగంలో ఇలాంటి మాటే చెప్పాడు: ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము పని మొదలుపెట్టినప్పటి చేపల సంఖ్యనే మామూలనుకుంటారు, అంతకుముందు పోయినవి లెక్కలోకి రావు. ఊళ్ళకీ ఇది సరిపోతుంది. అందుకే నేను అలా అడగను. "చెప్పులు తెగితే ఎక్కడ కుట్టిస్తారు? మీ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎంత దూరం నుంచి వస్తారు? పదేళ్ళ కిందట ఎక్కణ్ణుంచి వచ్చేవాళ్ళు?" అని అడుగుతాను. చెప్పులు కుట్టేమనిషి వీధి చివర నుంచి మూడు కిలోమీటర్లు అవతలకి పోయాడంటే, ఆ వీధి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో తెలిసిపోతుంది. ఉన్నవాళ్ళు వచ్చి లేనివాళ్ళని మెల్లగా బయటికి నెట్టే ఈ ప్రక్రియకి 1964లో రూత్ గ్లాస్ అనే సామాజికశాస్త్రవేత్త లండన్‌ని చూసి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. పేరు పాతబడింది, పని ఆగలేదు.

వీధిలో చిన్న వ్యాపారుల్ని, కాపలావాళ్ళని, బస్సు కండక్టర్లని అడగండి, వాళ్ళకి తీరిక ఉన్నప్పుడు. కడుతున్న చోట పనిచేసే కూలీల్ని, వాళ్ళ గుడిసెల్ని అడక్కుండా ఫోటోలు తీయొద్దు. వాళ్ళ ఇల్లు మీకు ప్రదర్శన కాదు.

ఉపగ్రహ చిత్రాలు, పాత మ్యాపులు ముందే చూడాలా అని కూడా అడిగారు. నా మాట వింటే నడిచాకే చూడండి. ముందే చూస్తే కళ్ళు వాటినే వెతుకుతాయి. రెండు మూడు రోజులు నడిచాక గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాల్లోకి వెళ్ళండి. 1984 నుంచీ ఏటేటా మార్పు చూపించే టైమ్‌లాప్స్ ఉంది. మొదటి ఏళ్ళ చిత్రాలు మసగ్గా ఉంటాయి గానీ చెరువులు, పొలాలు, రోడ్లు తెలుస్తాయి. గూగుల్ వీధుల ఫోటోలు చూపించే స్ట్రీట్ వ్యూ ఆ ఊళ్ళో ఉంటే పాత తేదీలు ఎంచుకునే వీలు కూడా ఉంటుంది, మీరు నిలబడ్డ చోటే పదేళ్ళ కిందట ఏముందో ఫోన్లో కనిపిస్తుంది. వంకర తిరిగిన ఆ రోడ్డు దగ్గర నిలబడి ఒకసారి చూడండి. మీరు ఊహించిన వాగు నిజంగా అక్కడ ఉండి ఉంటే, ఆ సంతోషం వేరు.

చివరి రోజు ప్రయాణానికి ఒక గంట ముందే బయల్దేరండి. వచ్చిన దారిలో మీకు మొదట కనిపించిన ఆ రేకుల గోడల దగ్గరే, వీలైతే, దిగి నిలబడి, ఇవాళ రాసుకోబోయే కాగితం తీసి చదవండి. ఏ వాక్యాలు కొట్టేయాలనిపించాయో, ఏవి అలాగే ఉంచాలనిపించాయో వీలున్నప్పుడు ఇక్కడ రాయండి. కొట్టేసినవి కూడా రాయండి, నాకు వాటి మీదే ఆసక్తి.